ఇన్‌స్టాగ్రామ్ డైరీగా పనికొస్తుందా?

పనికొస్తుంది, సెట్టింగులు మార్చుకుంటేనే. రెండో ఖాతా తెరిచి ప్రైవేట్‌లో పెట్టండి, ఫాలోవర్లు సున్నా. పాత ఖాతానే ప్రైవేట్ చేస్తే అప్పటికే ఉన్న ఫాలోవర్లు ఎక్కడికీ పోరు, ఒక్కొక్కరినీ తీసేయాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

క్యాప్షన్‌కు 2,200 అక్షరాలు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి, అందుకే అనుకున్నదానికంటే ముందే నిండుతుంది. బొమ్మలు గీసేవాళ్లకు ఒకే పోస్టులో 20 చిత్తు బొమ్మలు వరసగా పెట్టుకునే వీలు బావుంది. స్టోరీలు 24 గంటల్లో మాయమైనా ఆర్కైవ్‌లో మిగులుతాయి, ఆ ఆప్షన్ ఆన్‌లో ఉంటే.

ఫాలోవర్లను ఉంచుకున్నా, లైకుల సంఖ్యను 2021 నుంచి దాచుకోవచ్చు. కానీ మన పోస్టుకు ఎవరు కొట్టారో మనకు కనిపిస్తూనే ఉంటుంది, లైకుల యావకు ఇది అరకొర మందే! అసలు లోపం రీల్స్: రాద్దామని తెరిస్తే చూస్తూ కూర్చుంటాం. డిలీట్ చేసిన పోస్టును 30 రోజుల్లోపే వెనక్కి తెచ్చుకోగలం, అందుకే నెలకోసారి డేటా డౌన్‌లోడ్ చేసుకోండి.