నేల టికెట్టు గ్లోబ్, పై మెట్టు ఎపిడారస్

మా నాన్న తెనాలిలో పద్య నాటకాలు చూస్తూ పెరిగారు. రిటైరైనప్పటి నుంచీ ఒకటే మాట: "షేక్స్పియర్ నాటకం ఒక్కసారి వాళ్ళ ఊళ్ళోనే చూడాలి అమ్మలూ." ఆయనకి 68 ఏళ్ళు, ఎడమ మోకాలు మొరాయిస్తుంది. అయినా బయల్దేరాం. లండన్, షేక్స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్, అక్కణ్ణించి గ్రీస్. ఇలాంటి యాత్ర అనుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

లండన్‌లో థియేటర్‌కి దగ్గర్లో హోటల్ చూస్తే రేట్లకి కళ్ళు తిరిగాయి. ఈస్ట్ హామ్‌లో దిగాం. ఇడ్లీ, దోసె అడుగడుగునా దొరుకుతాయి. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి మ్యాన్షన్ హౌస్‌లో దిగి, మిలీనియం బ్రిడ్జి మీదుగా నడిస్తే ఎదురుగా గ్లోబ్. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, ఆ డబ్బుకి అంతకన్నా ఆశించకూడదు.

గ్లోబ్ అంటే షేక్స్పియర్ నాటకాలు ఆడిన థియేటర్. 1599లో కట్టిన అసలుది 1613లో కాలిపోయింది. నాటకంలో పేల్చిన ఫిరంగి నుంచి నిప్పు పైకప్పు గడ్డికి అంటుకుంది. వెంటనే మళ్ళీ కట్టారు, 1642లో ప్యూరిటన్లు అనే ఛాందస క్రైస్తవులు నాటకాలన్నిటితో పాటు దాన్నీ మూయించారు. ఇప్పుడున్నది శామ్ వనమేకర్ అనే అమెరికన్ నటుడి పట్టుదల. 1997లో తెరిచారు, ఆయన మాత్రం 1993లోనే పోయాడు. ఈ కొత్తదానికి కూడా గడ్డి కప్పే వేశారు.

నాన్న మోకాలు చూసి మొదటి రోజు గ్యాలరీ సీట్లు కొన్నా. అదే నేను చేసిన తప్పు. బల్లకి వీపు ఆనించుకునే వీలు లేదు, దిండు అద్దెకి తీసుకోవాలి, పైగా మాకు ఎదురుగా స్తంభం. ముఖ్యమైన సంభాషణ జరిగినప్పుడల్లా నటుడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. నాన్న మెడ అటూ ఇటూ సాచి చూస్తూనే ఉన్నారు. కింద ఆకాశం కనిపించే ఖాళీ స్థలాన్ని యార్డ్ అంటారు. అక్కడ జనం నిలబడి, మోచేతులు స్టేజీ అంచు మీద ఆనించి, నటుల కాళ్ళ దగ్గరే నవ్వుతున్నారు. "మన నేల టికెట్టు వాళ్ళే హాయిగా ఉన్నారు," అన్నారు నాన్న.

మర్నాడు అదే నాటకానికి ఇద్దరం యార్డ్‌లోకి వెళ్ళాం. మాకు టికెట్టు పది పౌండ్లు పడింది. కూర్చోకూడదు, కూర్చుంటే వాలంటీర్లు వచ్చి మర్యాదగా లేపుతారు. గొడుగు తెరవనివ్వరు. వానొస్తే కోటు వేసుకోవాలి, లేదంటే తడవాలి. గంట ముందే వెళ్ళడం వల్ల స్టేజీ అంచు దొరికింది, మోకాలికి అదే ఆసరా.

నాటకం 'మచ్ అడో అబౌట్ నథింగ్'. పెళ్ళంటే పడని బెనెడిక్ చాటుగా స్నేహితుల మాటలు వినే సీన్ అందులో ఉంది. అతను వింటున్నాడని తెలిసే వాళ్ళు, బియాట్రిస్ అనే అమ్మాయి అతన్నే ప్రేమిస్తోందని చెప్పుకుంటూ ఉంటారు. మామూలుగా చెట్టు చాటునో స్తంభం చాటునో దాక్కుంటాడు. ఆ రోజు నటుడు స్టేజీ మీంచి యార్డ్‌లోకి దూకి, వచ్చి మా నాన్న వెనక ముడుచుకుని కూర్చున్నాడు. నాన్న భుజం మీంచి తల బయటపెట్టి, మళ్ళీ లాక్కుని, ఆయన చెవిలో ఏదో అన్నాడు. నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ చెట్టులా కదలకుండా నిలబడ్డారు! చుట్టూ జనం పడీ పడీ నవ్వారు. వాన సన్నగా పడుతోంది, నాన్న కళ్ళజోడు మీద నీళ్ళు, తుడుచుకోలేదు.

"మన దగ్గరైతే ఈపాటికి వన్స్ మోర్ అనేవాళ్ళు," అన్నారు తర్వాత.

ప్రేక్షకుడి మీద కూడా అదే పగటి వెలుతురు పడితే నటుడు మనల్ని చూస్తూ మాట్లాడతాడు. స్వగతం మనకే చెప్పినట్టు ఉంటుంది. పాత ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఎవరు ఎవర్ని ఆటపట్టిస్తున్నారో తెలిసిపోతుంది.

పక్కనే శామ్ వనమేకర్ ప్లేహౌస్ ఉంది. 2014లో తెరిచారు. చిన్నది, 340 సీట్లు, కొవ్వొత్తుల వెలుగు. ఇంతకుముందు ఆఫీసు పని మీద చలికాలంలో వచ్చినప్పుడు చూశా. మెత్తటి చీకటిలో పాత విషాద నాటకం చూడాలంటే అదే చోటు. సీట్లు మాత్రం మహా ఇరుకు.

స్ట్రాట్‌ఫర్డ్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఊరు ముచ్చటగా ఉంది. రాయల్ షేక్స్పియర్ థియేటర్‌ని 2010లో మార్చి కట్టాక స్టేజీ జనం మధ్యలోకి చొచ్చుకొచ్చింది, చివరి సీటు కూడా 15 మీటర్లు దాటదు. కుర్చీలు మెత్తగా ఉంటాయి, లైట్లు ఆరిపోతాయి. నాన్న పది నిమిషాల్లో నిద్రపోయారు. మేం వెళ్ళిన రోజు రాత్రి ఆట వదిలాక లండన్‌కి రైలు లేదు. ముందే గది బుక్ చేసుకున్న గెస్ట్‌హౌస్‌లో లిఫ్ట్ లేదు, గది మూడో అంతస్తు. ఫోన్‌లో అడిగితే 'నాలుగు మెట్లే' అన్నారు. పగటి ఆట చూసి తిరిగొచ్చేయడం మేలు.

గ్రీస్‌లో ఎపిడారస్ అనే పాత రాతి థియేటర్ చూడ్డానికి నాఫ్లియో ఊళ్ళో దిగాం. 30 కిలోమీటర్ల లోపే. మధ్యాహ్నమే వెళ్ళి ఖాళీ థియేటర్ చూశాం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటిది, 55 వరసల సున్నపురాయి మెట్లు. కింద నాణెం పడితే పైన వినిపిస్తుందంటారు కదా, మేమూ పరీక్షించాం. నేను మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే నాన్నకి పైవరసలో మాటలన్నీ వినిపించాయి. నాణెం మాత్రం వినపడలేదట. 2017లో డచ్ పరిశోధకులు కొలిచి, నాణెం చప్పుడుని సగం మెట్ల దాకానే గుర్తుపట్టగలమని, పైదాకా మాటలు తెలియాలంటే గట్టిగా మాట్లాడాలని తేల్చారు.

రాత్రి తొమ్మిదికి సోఫోక్లీస్ రాసిన పాత గ్రీకు విషాద నాటకం 'యాంటిగని'. ఆధునిక గ్రీకులో ఆడారు, పక్కన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు. పై మెట్ల టికెట్టు చౌక, తెర కూడా మెడ తిప్పకుండా చూడొచ్చు. ఎత్తు మడమల చెప్పులు రానివ్వరు. దిండు మర్చిపోవద్దు.

నాటకంలో రాజు క్రెయాన్‌కి సూటు వేశారు, ఇబ్బందేమీ లేదు, రాజకీయ నాయకుడిలాగే ఉన్నాడు. కష్టమంతా కోరస్‌తోనే, అంటే కథ మీద వ్యాఖ్యానిస్తూ కలిసి మాట్లాడే గుంపుతో. 15 మంది ఒకేసారి మాట్లాడితే నేటి ప్రేక్షకుడికి బడి ప్రార్థనలా అనిపిస్తుంది. ఈ దర్శకుడు ఒక్కో వాక్యం ఒక్కొక్కరికి పంచి, చివరి పాదం మాత్రం అందరిచేతా అనిపించాడు. "వంత పాడుతున్నారు," అన్నారు నాన్న వెంటనే. భాగవతాల్లో చూసిందే కదా. నటులకి మైకులు పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఇలాంటి చోట మైకెందుకు? నాన్న ఒప్పుకోలేదు. "మైకు రాకముందు హరికథ దాసులకి నలభై ఏళ్ళకే గొంతు పోయేది," అన్నారు.

ఆట వదిలాక మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. చివరికి నాఫ్లియో బస్సులో నిలబడి వచ్చాం. బస్సంతా గ్రీకులో వాదులాట, క్రెయాన్ పేరు తప్ప ఏమీ తెలియలేదు. శుక్ర, శనివారాలు రెండు రోజులూ అదే నాటకం. మర్నాటికి మాకు ఏథెన్స్ బస్సు బుక్కై ఉంది. నాన్న గదికొచ్చి మోకాలికి మందు రాసుకుంటూ, "ఆ బస్సు ఆదివారానికి మారుస్తారేమో కనుక్కో," అన్నారు.