పంపు వైబ్రేషన్: పెన్ మీటరా, ఎనలైజరా, ఏది మేలు?

పంపు అదురుతోందని ఆపరేటర్ చెప్పగానే చాలా ప్లాంట్లలో ముందు బేరింగులు మార్చేస్తారు. తప్పు ఎలైన్‌మెంట్‌లోనో (పంపు, మోటారు షాఫ్టులు ఒకే గీతలో ఉండటం) సక్షన్ లైన్‌లోనో (పంపులోకి నీరు వచ్చే పైపు) ఉంటే కొత్త బేరింగులు కూడా అలాగే పాడవుతాయి. అందుకే విప్పే ముందు కొలవాలి. జేబులో పట్టే వైబ్రేషన్ పెన్‌తోనా, స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అదురు ఉందో, చూపించే ఎనలైజర్‌తోనా, పంపు మీదే బిగించే వైర్‌లెస్ సెన్సర్‌తోనా?

పెన్ ఒక్క అంకె ఇస్తుంది: సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు, ఆర్‌ఎంఎస్‌లో (ఒక రకం సగటు). రిఫైనరీ పంపులకు వాడే ఏపీఐ 610 ప్రమాణంలో, పంపు తన మంచి ఫ్లో పరిధిలో నడుస్తున్నప్పుడు సాధారణ హద్దు 3.0. నా దృష్టిలో హద్దు కన్నా మార్పు ముఖ్యం. నెలల తరబడి 1.5 దగ్గర ఉన్న పంపు 3కు చేరితే, ఎప్పటి నుంచో 3 దగ్గరే నిలకడగా ఉన్న పంపు కన్నా అదే ఎక్కువ టెన్షన్ పెట్టాలి. బేరింగ్ హౌసింగ్ మీద చుక్క పెట్టి, ప్రతిసారీ అక్కడే అడ్డంగా, నిలువుగా, షాఫ్ట్ దిశలో కొలవండి. షాఫ్ట్ దిశలో ఎక్కువ వస్తే మొదటి అనుమానం మోటారును పంపుకు కలిపే కప్లింగ్ మీదే.

చాలా పెన్నులు 10 నుంచి 1000 హెర్ట్జ్ వరకే చూస్తాయి. బేరింగ్ దెబ్బతినడం మొదలైనప్పుడు ఆ జాడ కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది. పెన్‌లో అంకె పెరిగేసరికి బేరింగ్ బాగా పాడై ఉంటుంది.

ఎనలైజర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. 1480 ఆర్‌పీఎమ్ పంపు తీసుకోండి. అది సెకనుకు 24.7 చుట్లు, అంటే 24.7 హెర్ట్జ్. అక్కడ పెద్ద పీక్ ఉంటే అన్‌బ్యాలెన్స్ (బరువు ఒకవైపు ఎక్కువవడం) కావచ్చు: నీటిని నెట్టే చక్రం ఇంపెల్లర్‌లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు, లేదా ఒకవైపు అరిగిపోయి ఉండొచ్చు. వంగిన షాఫ్ట్ కూడా అక్కడే కనిపిస్తుంది, కాబట్టి ఫేజ్ (చుట్టులో ఏ కోణం దగ్గర అదురు వస్తోందో) కూడా కొలవాలి. దానికి రెట్టింపు దగ్గర, షాఫ్ట్ దిశలో కూడా పెరిగితే మిస్‌ఎలైన్‌మెంట్‌ను అనుమానించాలి. ఇంపెల్లర్‌కు 5 వేన్లుంటే (రెక్కలు) 123 హెర్ట్జ్ దగ్గర పీక్ వేన్లది. ఆ 24.7కు పూర్ణ గుణిజం కాని పీకులు బేరింగ్ వైపు చూపిస్తాయి.

2960 ఆర్‌పీఎమ్ పంపు దగ్గర మాత్రం జాగ్రత్త. వేగానికి రెట్టింపు 98.7 హెర్ట్జ్; మోటారులో కరెంటు వల్ల వచ్చే అదురు కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. స్పెక్ట్రమ్‌ను 1000 హెర్ట్జ్ వరకు 400 లైన్లతో (సమాన ముక్కలతో) తీస్తే ఒక్కో లైను 2.5 హెర్ట్జ్, రెండూ కలిసిపోతాయి. 400 హెర్ట్జ్ వరకే 3200 లైన్లతో తీస్తే విడిపోతాయి. అంతకన్నా తేలిక పరీక్ష ఒకటుంది: స్పెక్ట్రమ్ చూస్తూనే మోటారు ఆపండి. కరెంటు వల్ల వచ్చిన పీక్ స్విచ్ తీసిన క్షణమే పోతుంది. మెకానికల్ పీక్ వేగంతో పాటు నెమ్మదిగా తగ్గుతుంది.

ఈ రెంటి కన్నా ముందు వాడాల్సినవి సక్షన్, డిశ్చార్జ్ (పంపు నుంచి నీరు బయటికి వెళ్లే వైపు) ప్రెషర్ గేజ్‌లు. వీటిని నిర్లక్ష్యం చేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంటే డిశ్చార్జ్ వాల్వు కొంచెం మూసి చూడండి. ఫ్లో తగ్గి చప్పుడూ తగ్గితే కావిటేషన్ (సక్షన్ ప్రెషర్ చాలక నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) అని అనుమానించి స్ట్రైనర్, సంప్ లెవెల్ చూడాలి. వాల్వు తెరిస్తే తగ్గిందంటే పంపు అప్పటిదాకా మరీ తక్కువ ఫ్లోలో నడుస్తోందన్నమాట. ఇందులో ఏ బేరింగ్ మార్చినా ఫలితం ఉండదు.

వైర్‌లెస్ సెన్సర్ మనిషి తరచుగా వెళ్లలేని చోట మేలు. బ్యాటరీ ఆదా కోసం విరామాలిచ్చి రీడింగ్ తీసేవైతే, మధ్యలో వచ్చి పోయిన అదురు తెలియదు.

స్టాండ్‌బై ఉన్న కూలింగ్ వాటర్ పంపులు పాతిక ఉన్న ప్లాంటుకు నేను చెప్పేది ఇది: పెన్ కొనండి, గేజ్‌లు బాగు చేయించండి, రీడింగ్ రెట్టింపైనప్పుడు ఎనలైజర్ ఉన్న సర్వీసు వాళ్లను పిలవండి. ఆగితే ప్లాంటే ఆగిపోయే పంపులుంటే సొంత ఎనలైజర్ కొనడం మేలు. అప్పుడు బడ్జెట్‌లో మనిషి శిక్షణకు కూడా డబ్బు పెట్టండి. వైబ్రేషన్ విశ్లేషకుల అర్హతకు ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 18436-2 కింద నాలుగు కేటగిరీలున్నాయి. స్పెక్ట్రమ్ చూసి కారణం చెప్పాలంటే కనీసం రెండో కేటగిరీ చేసినవాళ్లు కావాలి.