డాక్టరు మాటా, ఊపిరి పరీక్షా: పొగ మాన్పించడానికి ఏది మేలు?

పొగ తాగే మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది చాలాసార్లు పొగ మానడానికి కాదు. దగ్గు తగ్గలేదనో, బీపీ చూపించుకోవాలనో వస్తాడు. ఆ కాస్త సమయంలో అతని అలవాటు గురించి ఏం చేస్తే ఫలితం ఉంటుందన్నదే ఇక్కడ ప్రశ్న. మానేయమని చెప్పి, మానడానికి సాయం చేస్తానని మాట ఇవ్వడం ఒక పద్ధతి. చిన్న యంత్రంలోకి ఊదించి, పొగతో పాటు ఒంట్లోకి చేరే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఊపిరిలో ఎంత ఉందో అంకెలో చూపించడం రెండో పద్ధతి. స్పైరోమెట్రీతో ఊపిరితిత్తుల శక్తిని కొలిచి చెప్పడం మూడోది.

డాక్టరు మాటకు ఎంత బలముందో 1979లోనే లండన్‌లో తేలింది. పరిశోధకుడు మైకేల్ రసెల్ బృందం సాధారణ వైద్యుల దగ్గరికి వచ్చే రెండు వేల మందికి పైగా పొగతాగేవారిని పరిశీలించింది. ఏ సలహా అందనివారిలో ఏడాది పాటు పొగకు దూరంగా ఉన్నవారు 0.3 శాతం. ఒకటి రెండు నిమిషాల సలహాతో పాటు ఒక కరపత్రం ఇచ్చి, మళ్లీ వాకబు చేస్తామని ముందే చెప్పిన వారిలో 5.1 శాతం. నూటికి ఐదుగురంటే ఏమంత గొప్ప అనిపించవచ్చు. కానీ ఖర్చయింది రెండు నిమిషాలేనని, ఒక డాక్టరు దగ్గరికి ఏడాదిలో ఎంతమంది పొగతాగేవారు వస్తారో లెక్క వేసుకుంటే, ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితమిచ్చే వైద్యం అరుదని నా నమ్మకం.

అయితే 'సిగరెట్ మానేయాలి సుమా' అని చీటీ రాస్తూ తలెత్తకుండా అనేసే మాట సలహా కిందకు రాదు. పొగ చెడ్డదని తెలియక తాగేవారు దాదాపు లేరు. తెలిసీ మానలేకపోవడమే వారి బాధ. అందుకే ఆరోగ్యం పాడవుతుందన్న హెచ్చరిక కంటే, 'మానడానికి మందులున్నాయి, నేను తోడుంటాను, ఎప్పుడు మొదలుపెడదాం?' అన్న మాటకే ఎక్కువమంది ప్రయత్నానికి సిద్ధపడతారు. నికోటిన్ ప్యాచ్, నికోటిన్ గమ్, వారెనిక్లిన్ వంటి మందులు మానే అవకాశాన్ని గణనీయంగా పెంచుతాయి. ఆ తలుపు తెరిచేది డాక్టరే.

ఇక ఊపిరి పరీక్ష. గుండెల నిండా గాలి పీల్చి, సుమారు పదిహేను సెకన్లు బిగబట్టి, గొట్టంలోకి మెల్లగా, గాలంతా ఖాళీ అయ్యేదాకా ఊదాలి. కాసేపటికి తెర మీద పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) లెక్కలో ఒక అంకె కనిపిస్తుంది. పొగ తాగనివారిలో అది ఐదారు లోపే ఉంటుంది; పది దాటితే ఇటీవల పొగ తాగినట్లే లెక్క. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని, ఒంటికి అందవలసిన ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. ఎప్పుడో రాబోయే జబ్బు గురించి కాకుండా, ఈ క్షణాన తన నెత్తుటిలో ఉన్నదాన్ని తాను ఊదిన ఊపిరే చెబుతున్నప్పుడు ఆ మనిషి ముఖంలో కలిగే మార్పు నిజమైనదే.

ఆ మార్పు నిలుస్తుందా? అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్షలో, కార్బన్ మోనాక్సైడ్ అంకె చూపించినంత మాత్రాన మానేసేవారి సంఖ్య పెరిగినట్లు తేలలేదు. పైగా ఈ అంకెకు జ్ఞాపకం తక్కువ. నాలుగైదు గంటలకు సగానికి పడిపోతుంది కనుక, రాత్రి నుంచి తాగకుండా పొద్దున్నే వచ్చినవాడికి సాయంత్రం కంటే బాగా తక్కువ చూపించి, 'నాకేం కాలేదు' అన్న తప్పుడు ధైర్యాన్ని ఇవ్వగలదు. నమిలే పొగాకును అది అసలే పట్టుకోదు.

స్పైరోమెట్రీ కథ వేరు, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించిందీ అదే. 2008లో వెలువడిన, ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ అధ్యయనంలో 561 మందికి ఈ పరీక్ష చేశారు. కొందరికి ఫలితాన్ని లీటర్ల లెక్కలోనే ఇచ్చారు, కొందరికి 'మీ ఊపిరితిత్తుల వయసు ఇంత' అని, అంటే అంతే శక్తి ఏ వయసు ఆరోగ్యవంతుడికి ఉంటుందో విడమరిచి చెప్పారు. మానమన్న సలహా అందరికీ ఒకటే. ఏడాది తర్వాత మొదటివారిలో 6.4 శాతం, రెండోవారిలో 13.6 శాతం మానేశారు. ఇంకా గమనించదగ్గది ఏమిటంటే, ఊపిరితిత్తుల వయసు ఎక్కువని తేలినవారే ఎక్కువగా మానేశారనేమీ లేదు. అంటే పనిచేసింది భయం ఒక్కటే కాదు. తన ఒంటి సంగతి తనకు అర్థమయ్యేలా మరొకరు కూర్చుని చెప్పడం కూడా. ఈ ఒక్క అధ్యయనాన్ని బట్టి స్పైరోమెట్రీ గెలిచిందనడం తొందరపాటు, ఎందుకంటే ఇలాంటివన్నీ కలిపి చూస్తే లాభం అంత నిక్కచ్చిగా కనిపించదు.

అందుచేత ఒక్కటే ఎంచుకోమంటే నేను సాయంతో కూడిన డాక్టరు మాటనే ఎంచుకుంటాను. యంత్రం లేని చోట ఏదో లోపం జరుగుతోందని ఏ డాక్టరూ అనుకోనవసరం లేదు. యంత్రం ఉంటే మాత్రం, దాన్ని భయపెట్టడానికి మొదటి రోజున వాడడం కంటే, మానిన తర్వాత వాడడం మేలని నా అభిప్రాయం. మానిన ఒకటి రెండు రోజులకే ఆ అంకె పొగ తాగనివారి స్థాయికి దిగివస్తుంది. చిరాకు, నిద్రలేమి, ఆగని కోరిక తప్ప లాభమేమీ కనిపించని ఆ తొలి వారంలో, కంటికి కనిపించే మంచి వార్త అదొక్కటే కావచ్చు. నికోటిన్ ప్యాచ్, గమ్ వాడుతున్నా ఈ అంకె పెరగదు కాబట్టి, మందు మీద ఉన్నవారికీ ఇది నిజమే చెబుతుంది.

మళ్లీ వచ్చినప్పుడు అంకె పెరిగి ఉందనుకోండి. దొంగను పట్టుకున్నట్లు చూస్తే ఆ మనిషి ఇక రాడు. అప్పుడు యంత్రాన్ని పక్కన పెట్టి, ఏ వేళ తాగాలనిపించింది, ఎవరు పక్కన ఉన్నారు, మందు సరిగా వేసుకున్నారా అని అడిగి, మళ్లీ ఎప్పుడు మానాలో ఆ కుర్చీలో ఉండగానే ఇద్దరూ కలిసి రోజు పెట్టుకోవాలి.