‘క్రూయిజ్’ మాట ఆధారంగా ఎటిమాన్‌లైన్ నిఘంటువు సమీక్ష

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి ఉచితంగా దొరికే సాధనాల్లో, నా దృష్టిలో, ఎటిమాన్‌లైన్‌ది మొదటి స్థానం. అమెరికాకు చెందిన డగ్లస్ హార్పర్ ప్రారంభించి ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చిన ఇంటర్నెట్ వ్యుత్పత్తి నిఘంటువు ఇది. ఇటువంటి గ్రంథం సత్తా తెలియాలంటే అందరూ వాడే మాటనొకదాన్ని పట్టుకొని దాని వెంట చివరిదాకా వెళ్లాలి. అందుకు నేను ‘క్రూయిజ్’ను ఎంచుకున్నాను. క్షిపణుల వార్తల్లోనూ, 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన దగ్గర నుంచి పర్యాటక వార్తల్లోనూ ఈ మాటను మన పత్రికలు తెలుగు మాటలాగానే వాడుతున్నాయి.

ఈ క్రియ 1650ల దశకంలో ఇంగ్లీషులోకి వచ్చిందనీ, అడ్డంగా దాటడం, అటూ ఇటూ ఓడ నడపడం అనే అర్థాలున్న డచ్చి మాట ‘క్రాయిసెన్’ దీనికి మూలమనీ, దాని వెనుక సిలువను చెప్పే ‘క్రాయిస్’, అంతకు వెనుక లాటిన్ ‘క్రుక్స్’ ఉన్నాయనీ ఈ నిఘంటువు కొద్ది మాటల్లోనే చెబుతుంది. సిలువకూ ఓడకూ సంబంధమేమిటన్నది తెరచాపల కాలాన్ని తలచుకుంటే బోధపడుతుంది. ఎదురుగాలికి ఆ ఓడలు తిన్నగా పోలేవు. కొంత దూరం ఒక పక్కకూ, మరికొంత దూరం రెండో పక్కకూ వాలుగా మళ్లుతూ ముందుకు సాగాలి. శత్రువుల సరుకు ఓడల కోసం కాపు కాసే యుద్ధనౌకలు కూడా ఒకే సముద్రభాగాన్ని మళ్లీ మళ్లీ అడ్డంగా కోస్తూ తిరిగేవి. ‘క్రూజర్’ అనే యుద్ధనౌక పేరు ఆ గస్తీ నుంచే వచ్చింది. ఇంగ్లండు, హాలండు మొదటిసారి సముద్రం మీద తలపడింది 1652 నుంచి 1654 వరకు కాబట్టి, ఆ 1650లు అన్న అంకె పక్కన చరిత్ర పుస్తకం కూడా తెరిచి పెట్టుకోవడం మంచిది. అప్పటికే డచ్చివారు మచిలీపట్నంలో వర్తకం చేస్తున్నారు. అక్కడి వలందపాలెం పేరులో (వలందులంటే హాలండువారు) వారి జాడ నేటికీ ఉంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది తరువాతి అర్థపరిణామం. వేటాడుతూ తిరగడమనే భావం సడలి, విహారం కోసం తిరగడంగా మారింది. హాంబుర్గ్ అమెరికా కంపెనీ వారి అగస్టా విక్టోరియా 1891లో ప్రయాణికులను మధ్యధరా సముద్ర విహారానికి తీసుకువెళ్లింది. పర్యాటకుల ఓడ ప్రయాణమన్న అర్థం మాత్రం ఈ నిఘంటువులో 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల కింద కనిపిస్తుంది. కార్ల విషయానికి వస్తే అర్థం పూర్తిగా తలకిందులైంది. చూపులేని ఇంజనీరు రాల్ఫ్ టీటర్ రూపొందించిన వేగ నియంత్రణ పరికరం క్రైస్లర్ కార్లలో 1958లో వచ్చింది. అటువంటి పరికరాలకే తరువాత ‘క్రూయిజ్ కంట్రోల్’ అనే పేరు స్థిరపడింది. వంకరటింకరగా తిరగడాన్ని చెప్పిన మాట ఇప్పుడు ఒకే వేగంతో నిలకడగా సాగడాన్ని చెబుతోంది.

ఈ నిఘంటువును వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇందులోని సంవత్సరాలు మాట పుట్టిన తేదీలు కావు. దొరికినంతలో తొలి లిఖిత ప్రయోగానివి మాత్రమే. నావికుల నోట అది అంతకుముందే నలిగి ఉండవచ్చు. పైగా ఆ తొలి ప్రయోగ వాక్యాలు ఇందులో చాలా వరకు ఉండవు. ప్రతి అర్థానికీ కావ్యప్రయోగం చూపించే సూర్యరాయాంధ్ర నిఘంటువుకు అలవాటు పడిన మనకు ఇది నిజమైన లోటే. ఆ వాక్యాలు కావలసినవారు చందా కట్టి ఆక్స్‌ఫర్డ్ బృహన్నిఘంటువును ఆశ్రయించాలి. అర్థం మారిన క్రమం, దాని కాలం తెలిస్తే చాలనుకునే విద్యార్థులకూ, అనువాదకులకూ, పత్రికా రచయితలకూ మాత్రం ఎటిమాన్‌లైన్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ‘క్రూయిజ్’ చూసినవారు ‘క్రాస్’ను కూడా తప్పక చూడాలి, రెండింటికీ మూలం ఆ ‘క్రుక్స్’ ఒక్కటే.