చెన్నై నుంచి జాఫ్నాకు అలయన్స్ ఎయిర్ విమానం: వెళ్ళివచ్చిన ఒంగోలు ప్రయాణికుడి అభిప్రాయం

2023 ఫిబ్రవరిలో మా బావగారితో కలిసి చెన్నై నుంచి శ్రీలంకలోని జాఫ్నాకు అలయన్స్ ఎయిర్ విమానంలో వెళ్ళివచ్చాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒంగోలులోనూ టంగుటూరులోనూ ఇప్పటికీ నన్ను మొదట అడిగేది ఒక్కటే: జాఫ్నాకు నేరుగా విమానం ఉందా అని. ఉంది. గంటన్నర లోపే దిగిపోతాము. అయినా ఈ విషయం మన జిల్లాల్లో చాలామందికి తెలియకపోవడం, టికెట్లు అమ్మేవాళ్ళకే తెలియకపోవడం నాకు బాధ కలిగించింది కాబట్టి, మా ప్రయాణం ఎలా సాగిందో, ఆ సేవ గురించి నా అభిప్రాయమేమిటో వివరంగా రాస్తున్నాను.

ముందు టికెట్ల దగ్గర ఎదురైన ఇబ్బంది చెప్పాలి. ఒంగోలులో మేము సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెన్సీ వారు జాఫ్నాలో అంతర్జాతీయ విమానాశ్రయమే లేదని ఖండితంగా చెప్పి, చెన్నై నుంచి కొలంబోకు విమానం, అక్కడ ఒక రాత్రి హోటల్, మరునాడు జాఫ్నాకు కారు అంటూ ఒక ప్యాకేజీ మా ముందు పెట్టారు. కొలంబో నుంచి జాఫ్నాకు రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. అరవై దాటిన మనిషిని పోను ఒక రోజు, రాను ఒక రోజు కారులో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. మేము అడ్వాన్సు కూడా కట్టిన తరువాత మా అమ్మాయి అలయన్స్ ఎయిర్ వెబ్‌సైట్ తెరిచి పది నిమిషాల్లో నేరు టికెట్లు చూపించింది. ఏజెన్సీ వారు అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి మూడు వారాలు తిప్పారు. అందుకే ఈ ప్రయాణం చేయదలచినవారు టికెట్లను స్వయంగా సంస్థ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలని మొదటే చెబుతున్నాను.

ఈ దారి కొత్తది కాదు. శ్రీలంకకు (నాటి సిలోన్) చెందిన ఎయిర్ సిలోన్ సంస్థ తన మొట్టమొదటి విమానాన్ని నడిపిందే ఈ దారిలో: 1947 డిసెంబరు 10న 'సీతాదేవి' అనే డకోటా విమానం కొలంబో శివారులోని రత్మలాన నుంచి బయలుదేరి, జాఫ్నా దగ్గరి కాంకేసంతురైలో ఆగి, మద్రాసు చేరింది. 1978 సెప్టెంబరు 7న అదే సంస్థకు చెందిన ఆవ్రో విమానం రత్మలానలో బాంబు పేలి కాలిపోయింది. మరుసటి ఏడాది ఎయిర్ సిలోన్ స్థానంలో ఎయిర్ లంక వచ్చింది. శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య 1983లో మొదలైన యుద్ధం 2009 మే దాకా సాగింది. ఆ కాలంలో జాఫ్నా ఉత్తరాన ఉన్న పలాలీ విమానాశ్రయం సైనిక స్థావరంగా మారిపోయింది. మధ్యమధ్య కొలంబోకు నడిచిన పౌర విమానాలకూ భద్రత లేదు. 1998 సెప్టెంబరు 29న పలాలీ నుంచి కొలంబోకు బయలుదేరిన లయన్ ఎయిర్ విమానం మన్నారు సమీపంలో సముద్రంలో కూలిపోయి, అందులో ఉన్న 55 మందీ మరణించారు.

యుద్ధం ముగిసిన తరువాత కూడా పదేళ్ళు పట్టింది. 2019 అక్టోబరు 17న పలాలీని జాఫ్నా అంతర్జాతీయ విమానాశ్రయంగా ప్రారంభించగా, నవంబరు 11న చెన్నై నుంచి అలయన్స్ ఎయిర్ రాకపోకలు మొదలయ్యాయి. నాలుగు నెలలు తిరగకుండానే కోవిడ్ వచ్చి అవీ ఆగిపోయాయి. తిరిగి 2022 డిసెంబరు 12న మొదలయ్యాయి. అంటే మేము ఎక్కేనాటికి రెండు నెలలే అయింది. ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళాక కేంద్ర ప్రభుత్వం చేతిలో మిగిలిన విమానయాన సంస్థ అలయన్స్ ఎయిరే. లాభమే చూసుకునే సంస్థ ఆ రోజుల్లో ఈ దారిని తిరిగి తెరిచేది కాదని నా నమ్మకం.

మా బావగారు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్పాలి. ఆయన సైన్యంలో హవల్దారుగా పనిచేసి రిటైరై టంగుటూరు దగ్గర సొంత ఊళ్ళో పొగాకు సాగు చేస్తున్నారు. 1987 జూలై 29న భారత, శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరిన మరునాడే మన శాంతి పరిరక్షక దళం పలాలీలో దిగడం మొదలైంది. బావగారి దళం అక్టోబరులో దిగింది. మూడేళ్ళు నిండకుండానే, 1990 మార్చిలో, శాంతి పరిరక్షక దళమంతా వెనక్కి వచ్చేసింది. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. వారి స్మారకం పలాలీలోనే ఉంది. ముప్పై అయిదేళ్ళుగా బావగారు ఇంట్లో ఆ ఊరి పేరు ఎత్తింది బహు తక్కువ. నేరు విమానం ఉందని విన్ననాడు మాత్రం "నువ్వు తోడొస్తావంట్రా?" అని అడిగారు. పొగాకు కొట్టుడు మొదలయ్యే రోజులు కాబట్టి మూడు రోజులకు మించి కుదరదని కూడా ఆయనే చెప్పారు.

ఒంగోలు నుంచి రైల్లో చెన్నై సెంట్రల్‌కు వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారాక మెట్రో రైలులో విమానాశ్రయం చేరుకున్నాము. సెంట్రల్ నుంచి విమానాశ్రయం దాకా మెట్రో ఉన్నందున మనవైపు నుంచి వెళ్ళేవారికి సామానుతో ఆటోలు మారే బాధ లేదు. కౌంటరు దగ్గర రద్దీ లేదు. పాస్‌పోర్టు, శ్రీలంక ప్రవేశానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్న ఈటీఏ అనుమతి పత్రం, తిరుగు టికెట్టు చూసి బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అక్కడున్న అమ్మాయి బావగారి మోకాలి నొప్పి గమనించి, అడగకుండానే మెట్లకు దగ్గరగా ఉండే వెనుక వరుసలో సీట్లు కేటాయించింది. అది చిన్న మేలే అయినా నేను మరిచిపోలేదు.

విమానం ఏటీఆర్ 72. సుమారు 70 మంది పట్టే ఈ విమానంలో ఒక్కో పక్క రెండేసి సీట్లు ఉంటాయి కాబట్టి ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునే అవస్థ ఎవరికీ లేదు. దీనికి ఇరువైపులా ఆరేసి రెక్కల పంకాలు తిరుగుతాయి. వాటికి దగ్గరగా ఉండే ముందు వరుసల్లో మోత ఎక్కువ, వెనుక కాస్త తక్కువ. ఎక్కే తలుపు వెనుకవైపే ఉంటుంది. విమానం రెక్కలు కిటికీలకు పైన ఉండటం వల్ల కింద నేల ఏ అడ్డూ లేకుండా కనిపిస్తుంది. పెద్ద జెట్ విమానాలకు అలవాటుపడినవారు దీన్ని చూసి పెదవి విరవవచ్చు కానీ, పలాలీ రన్‌వే చిన్నది కాబట్టి ఈ దారికి తగిన విమానం ఇదే. పైగా ఇది మరీ ఎత్తున పోదు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఈ కిటికీ పక్క సీటుకు సాటి లేదు.

వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ అడిగి తీసుకోండి. చెన్నై దాటిన దగ్గర నుంచి తీరం ఆ పక్కనే సాగుతుంది: పుదుచ్చేరి, కారైక్కాల్, నాగపట్టణం వైపు వరి మడులు, చివర కోడియక్కరై దగ్గర ఉప్పు కయ్యలు, ఆ తరువాత అంతా నీళ్ళు. ఒంగోలు, నెల్లూరు, చెన్నై, జాఫ్నా నాలుగూ ఇంచుమించు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదే ఉన్నాయని నేను అంతకుముందు ఎన్నడూ గమనించలేదు. మా ఊరి నుంచి గీత గీసినట్టు దక్షిణానికి పోతే వచ్చే ఊరికి ఇన్నేళ్ళు దారి లేకుండా పోయిందన్న ఆలోచన ఆ కిటికీ దగ్గరే వచ్చింది. బావగారు మాత్రం సముద్రం మొదలైనప్పటి నుంచి మాట్లాడలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ముందు సీటు వెనుక జేబులోని కాగితాల వంక చూస్తూ కూర్చున్నారు.

ఎర్రనేల, తాటితోపులు, పెంకుటిళ్ళు కనిపించాయి. పైలట్ ఆ చిన్న రన్‌వే మీద కుదుపు తెలియకుండా దించాడు. బెల్టు గుర్తు ఆరిపోయాక కూడా బావగారు లేవలేదు. "ఏందిరా, ఇంత నిదానంగా దింపాడు" అన్నారు. తరువాత మెల్లగా చెప్పారు: "ఆ రోజు చక్రాలు ఆగీ ఆగకముందే ఎనక తలుపు దించారు. ఇంజన్లు ఆపనే లేదు. మేం దిగి పరిగెత్తాం, దెబ్బలు తగిలినోళ్ళని ఎక్కించుకుని అది ఎల్లిపోయింది." అప్పుడు ఆయన వచ్చింది వైమానిక దళం వారి ఏఎన్-32 అనే రవాణా విమానంలో, దిగింది వెనుక నుంచే. ఇప్పుడూ వెనుక తలుపే. మిగతావాళ్ళందరూ దిగేదాకా ఎయిర్‌హోస్టెస్ ఆయనను తొందరపెట్టకుండా పక్కన నిలబడి, చివరి మెట్టు దాకా సంచి తానే పట్టుకుని వచ్చింది.

టెర్మినల్ చిన్నది. ఎటు నడవాలో వెతుక్కునే పని ఉండదు. బోర్డులు తమిళ, సింహళ, ఇంగ్లీషు భాషల్లో ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ అధికారి బావగారిని ఇంతకుముందు శ్రీలంకకు వచ్చారా అని అడిగాడు. బావగారు ఒక్క క్షణం ఆగి, వచ్చానని, 1987లో అని చెప్పారు. ఆ అధికారి తలెత్తి చూసి, మరేమీ అడగకుండా ముద్ర వేసి, రెండు చేతులతో పాస్‌పోర్టు తిరిగి ఇచ్చాడు. ఆ కొత్త పాస్‌పోర్టులో అదే మొదటి ముద్ర. సిరా ఆరేదాకా బావగారు ఆ పేజీని తెరిచే పట్టుకున్నారు.

జాఫ్నాలో మేము చూసినవన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం మనవైపు వారికి చెప్పాలనిపించింది. పలాలీ నుంచి పట్టణానికి వెళ్ళే దారిలో ఎర్రటి చేలల్లో పొగాకు కనిపించగానే బావగారు కారు ఆపించి, గట్టు మీద నిలబడి, చేలో ఉన్న రైతుతో తనకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో ఆకు కోత గురించి అరగంట మాట్లాడారు. మనకు బ్యారన్లనే కొట్టాల్లో వేడికి ఆరబెట్టే రకం, వారికి చుట్టలకూ నమలడానికీ పనికివచ్చే రకం. ఆ రైతు వెళ్ళేటప్పుడు ఎండబెట్టిన తేగలు ఒక కట్ట ఇచ్చాడు. వాటిని దంచి పిండి చేసి చేపలతో కలిపి 'ఒడియల్ కూళ్' అనే జావ కాస్తారట. మన ఇళ్ళలో తేగలను కాల్చుకుని, ఉడకబెట్టుకుని తినడమే నేను ఎరుగుదును.

వెళ్ళదలచినవారు మూడు సంగతులు చూసుకోవాలి. మేము వెళ్ళినప్పుడు విమానం వారానికి 4 రోజులే నడిచేది. పోయే రోజు, వచ్చే రోజు కుదిరాకే సెలవు పెట్టుకోండి. చిన్న విమానాల్లో సామాను పరిమితి పెద్ద విమానాల మాదిరిగా ఉండదు, టికెట్టు మీద ఉన్న బరువు చదివి సర్దుకోండి. పలాలీ చుట్టూ సైన్యం అధీనంలోని భూములు ఉన్నందున ఫోటోలు తీసే ముందు అడగండి. 2024 సెప్టెంబరు నుంచి ఇండిగో కూడా చెన్నై, జాఫ్నాల మధ్య విమానం నడపడం మొదలుపెట్టింది కాబట్టి రెండింటి వేళలూ చూసుకుని ఎంచుకోవచ్చు. జనం ఎక్కకపోతే ఇంకొక సంస్థ వచ్చేది కాదు. తొలి ధైర్యం చేసింది మాత్రం ప్రభుత్వ సంస్థే.

నా లెక్కలో ఈ సేవకు అయిదుకు నాలుగున్నర మార్కులు. తగ్గించిన ఆ అర, మేము వెళ్ళినప్పుడు వారంలో అన్ని రోజులూ లేనందుకే. తిరుగు ప్రయాణంలో తీరం ఎడమవైపు ఉంటుంది. బావగారు ఆ కిటికీ తానే అడిగి తీసుకుని, కోడియక్కరై నుంచి చెన్నై దాకా నాకు ఒక్కొక్కటీ చూపించుకుంటూ వచ్చారు. ఆయనతో పాటు అప్పుడు దిగిన మిత్రుడు ఒకాయన గిద్దలూరులో ఉన్నారు. ఆయన పాస్‌పోర్టు పోయిన వారమే చేతికి వచ్చింది. ఈసారి పొగాకు వేలం ముగిశాక ముగ్గురికీ టికెట్లు నేనే తీయాలి.