పొగబెట్టిన బాతు తోలు: కరిగించాలా, కరకరలాడించాలా, ఉడకబెట్టాలా?

"స్మోక్డ్ డక్ కొన్నాం, మాంసం తినేశాం, పైనున్న తోలు ఏం చేయాలో తెలీక ఫ్రిజ్‌లో పెట్టాం, తినొచ్చా పారేయాలా?" అనే ప్రశ్న అమెరికాలో, యూరప్‌లో ఉండే మనవాళ్ల నుంచి ప్రతి చలికాలం వస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాసిపెట్టడం నయం. పారేయొద్దు, అది నా మొదటి మాట. కానీ ఎలా వాడాలి అన్న దగ్గరే అసలు చర్చ ఉంది. సన్న సెగ మీద కొవ్వు కరిగించి సీసాలో దాచుకోవచ్చు, తోలునే కరకరలాడేలా వేయించుకుని తినొచ్చు, లేదా గింజలతోనో ఆకుకూరతోనో కలిపి ఉడకబెట్టొచ్చు. మూడూ రుచిగానే ఉంటాయి, కానీ ఒంట్లోకి పోయేది మూడింటిలోనూ ఒకటి కాదు.

ముందు తోలు సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో పచ్చి పెంపుడు బాతు మాంసం తోలుతో సహా 100 గ్రాములకు 404 కేలరీలు, 39 గ్రాముల కొవ్వు అని ఉంటుంది. అదే తోలు తీసేసిన మాంసానికి 135 కేలరీల దాకా, 6 గ్రాముల కొవ్వు. అంటే బాతు మాంసం కొవ్వు మాంసం కాదు, కొవ్వంతా తోలుదీ దాని కిందున్న పొరదీ. ఇక తోలులో ఉండే ప్రొటీన్ ఎక్కువగా కొలాజెన్. అందులో ట్రిప్టోఫాన్ (ఒంటికి తిండి నుంచే అందాల్సిన ఒక ప్రొటీన్ భాగం) ఉండదు కాబట్టి, "కొలాజెన్ కోసం తింటున్నా" అనేవాళ్లు తినండి, కాదనను, కానీ దాన్ని గుడ్డుకో పప్పుకో బదులుగా లెక్క వేసుకోకండి.

మీ దగ్గరున్నది ఏ బాతో కూడా చూసుకోవాలి. చైనాలో సిచువాన్ వాళ్లు చేసే టీ పొగ బాతు ఒక రకం. సిచువాన్ మిరియాలు, ఉప్పు పట్టించి, టీ ఆకు, కర్పూరం చెట్టు ఆకులు కాల్చిన పొగలో పెట్టి, ఆ తర్వాత ఆవిరి మీద ఉడికించి, చివర్లో నూనెలో వేయిస్తారు. ఆవిరి మీద ఉన్నప్పుడే తోలు కింద కొవ్వు చాలావరకు కారిపోతుంది, వేయించేసరికి తోలు పలచగా, పెళుసుగా అవుతుంది. దాన్ని మళ్లీ కరిగించడానికి కూర్చోవడం అనవసరం, అది తోలుతోనే తినాల్సిన వంట. ఫ్రాన్స్ నైరుతి వైపు, గాస్కనీ ప్రాంతంలో చేసే స్మోక్డ్ మాగ్రే దీనికి పూర్తిగా వేరు. ఫోయ్ గ్రా (కొవ్వు పట్టించిన బాతు కాలేయం) కోసం మేపిన మ్యులార్ అనే సంకర జాతి బాతు బ్రెస్ట్ పీస్‌కి ఉప్పు పట్టించి, ఆరబెట్టి, పొగపెడతారు. పొగ చల్లగా పడితే లోపల కొవ్వు కరగదు, అంతా అలాగే గట్టిగా, తెల్లగా, మందంగా ఉండిపోతుంది. అమెరికా సూపర్ మార్కెట్లలో దొరికే పెకిన్ జాతి బాతు బ్రెస్ట్ ముక్కలు ఎక్కువగా వేడి పొగలో పూర్తిగా ఉడికినవి కాబట్టి ఈ రెండింటికీ మధ్యస్తంగా ఉంటాయి. వీటిలో కొన్నింటికి తేనో మేపుల్ సిరపో పూస్తారు. అలాంటివాటిని ఒకసారి గోరువెచ్చటి నీళ్లతో కడిగి తుడవకపోతే మూకుట్లో చక్కెర మాడి చేదెక్కుతుంది.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. చాలామంది కొవ్వు గురించీ కేలరీల గురించీ టెన్షన్ పడతారు కానీ, పొగబెట్టిన తోలు విషయంలో తేల్చేది ఉప్పు. ఉప్పు కొవ్వులో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. పొగ వాసన అలా కాదు, ఆ వాసన ఇచ్చే పదార్థాల్లో చాలావాటికి కొవ్వుతో పొత్తు కుదురుతుంది. దీనివల్ల తోలును పొయ్యి మీద పెట్టగానే ఈ రెండూ దారులు విడిపోతాయి. కరిగి కారిన కొవ్వులోకి పొగ వాసన వస్తుంది, ఉప్పు దాదాపు రాదు. మిగిలిన తోలు ముక్కల్లో ఉప్పంతా ఉండిపోతుంది, పైగా బరువు తగ్గిపోయింది కాబట్టి ఘాటుగా తయారవుతుంది. నీళ్లలో ఉడకబెడితే మాత్రం ఉప్పూ, వాసనా, కొవ్వూ మూడూ గిన్నెలోకే దిగుతాయి.

లెక్క వేసి చూద్దాం. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాముల సోడియం అని ఉందనుకోండి. దాన్ని రెండున్నరతో గుణిస్తే రెండున్నర గ్రాముల ఉప్పు. (యూరప్ ప్యాకెట్ల మీద నేరుగా ఉప్పే రాస్తారు, అక్కడ మళ్లీ గుణించకండి.) వంద గ్రాముల తోలులో అంతే ఉప్పు ఉండి, కరిగించాక ముప్పై గ్రాముల ముక్కలు మిగిలితే ఆ ముక్కల్లో ఉప్పు ఎనిమిది శాతం దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు. అంటే ఆ చిన్న గిన్నెడు కరకరలు టీవీ ముందు కూర్చుని ఊరికే నమిలేస్తే రోజు ఉప్పులో సగం అక్కడే అయిపోతుంది, ఇక మన భోజనంలో పచ్చడీ, పప్పూ, మజ్జిగా ఎలాగూ ఉన్నాయి. బీపీ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అందుకే నా ఓటు కరిగించడానికే.

పద్ధతి పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి అంతే. తోలును అరగంట ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడి కత్తికి జారకుండా తెగుతుంది. వేలి గోరంత ముక్కలు చేసి, అడుగు మందంగా ఉన్న మూకుట్లో వేసి, రెండు మూడు చెంచాల నీళ్లు పోసి, స్టవ్ సిమ్‌లో పెట్టండి. నీళ్లు ఎందుకంటే మొదట్లో కొవ్వు ఇంకా కారకముందే తోలు అడుగంటి మాడకుండా. అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు కలిపితే చాలు. వెన్న కాచేటప్పుడు చిటపటలు తగ్గిపోతే నెయ్యి అయిందని ఎలా తెలుసుకుంటామో ఇక్కడా అంతే, శబ్దం సన్నగిల్లిందంటే నీరంతా పోయినట్టు. ముక్కలు లేత బంగారు రంగులో ఉండగానే దించేయాలి, బాగా ఎర్రబడేదాకా ఉంచితే పొగ చేదు బయటికొచ్చి కొవ్వంతా పాడవుతుంది. పలచటి బట్టలోనో సన్న జల్లెడలోనో వడగట్టి, తడి లేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అడుగున మిగిలే ఉప్పు మడ్డి సీసాలోకి పోనివ్వకండి.

ఈ కొవ్వును వాడే తీరులోనే తేడా అంతా ఉంది. దీనిలో తాలింపు పెట్టకండి. ఆవాలు చిటపటలాడేంత వేడికి పొగ వాసన గాల్లోకి లేచిపోతుంది, పైగా ఇది పచ్చి తోలు నుంచి తీసిన తేట కొవ్వంత వేడిని ఓర్చుకోదు. తాలింపు మామూలు నూనెలో పెట్టేసి, కూర దించే ముందు ఒక చెంచా ఇది వేసి మూత పెట్టండి. కాల్చిన వంకాయ పచ్చడికి, అలసందల కూరకి, కోడిగుడ్డు పొరటుకి అద్భుతంగా ఉంటుంది. ఊళ్లలో కోడికి పసుపు రాసి మంట మీద కాల్చి, తోలుతోనే వండిన కూర తిన్నవాళ్లకి ఈ రుచి కొత్తగా అనిపించదు. బంగాళదుంపల సంగతైతే చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో సార్లా ఊరి పేరుతో ఉన్న బంగాళదుంప వేపుడు బాతు కొవ్వులోనే చేస్తారు, అందులో వెల్లుల్లి, పార్స్లీ వేస్తారు. మనం పార్స్లీ బదులు కొత్తిమీర వేసుకోవచ్చు. గరం మసాలా మాత్రం ఈ కొవ్వు వేసే కూరల్లో వద్దంటాను, దాల్చినచెక్కా లవంగం ముందు పొగ వాసన నిలబడదు, అంత కష్టపడి తీసింది వృథా.

ఇక్కడ ఒక ప్రచారం గురించి చెప్పాలి. "బాతు కొవ్వు ఆలివ్ నూనె లాంటిదే, గుండెకి మంచిది" అని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. బాతు కొవ్వులో సంతృప్త కొవ్వు (గుండెకి అంత మంచిది కాని రకం) దాదాపు 33 శాతం, మోనో అన్‌శాచురేటెడ్ (ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే రకం) 49 శాతం దాకా ఉంటాయి. నెయ్యిలో సంతృప్త కొవ్వు 60 శాతం పైనే కాబట్టి నెయ్యితో పోలిస్తే బాతు కొవ్వు మెరుగే. కానీ ఆలివ్ నూనెలో అది 14 శాతం దగ్గర, వేరుశనగ నూనెలో 17 శాతం దగ్గర ఉంటుంది. వేరుశనగ నూనె తీసేసి బాతు కొవ్వు పోయడం ఆరోగ్యం కోసం చేసే పని కాదు. రుచి కోసం, నెయ్యి వాడే చోట, చెంచాతో కొలిచి వాడండి. టీ చెంచాకి నలభై కేలరీలు, అంతే లెక్క.

కరకరలు నాకూ ఇష్టమే, అందులో దాపరికం లేదు. కొవ్వు తీశాక మిగిలే ముక్కలు ఎలాగూ అవే కాబట్టి ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఏది కోసం చేస్తున్నాం, ఏది ఎంత తింటున్నాం అన్నదే తేడా. కరకరల కోసమే చేస్తే జనం మంట పెంచుతారు, తోలు పైన మాడి లోపల కొవ్వు అలాగే ఉండిపోతుంది, తింటే నోటికి జిడ్డు తగులుతుంది. సన్న సెగ మీద కొవ్వంతా కారిపోయిన ముక్క పొడిగా, తేలిగ్గా విరుగుతుంది. వాటిని ముద్దపప్పు అన్నంలో నంజుకోవడానికి, ఉప్మా మీద నాలుగు చల్లుకోవడానికి, ఉప్పు వేయని పెరుగన్నంలోకి వాడండి. ఏ వంటలో వేసినా ఆ వంటలో ఉప్పు తగ్గించండి. ముందుగా అయిదు నిమిషాలు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత వేయిస్తే ఉప్పు కొంత దిగుతుంది, దాంతోపాటు వాసనా కొంత పోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే వాసన పోయినా ఇదే చేయమంటాను.

ఉడకబెట్టడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎండు చిక్కుడు గింజలో, రాజ్మానో కుక్కర్‌లో పెట్టేటప్పుడు అరచేతిలో సగమంత తోలు వేస్తే పులుసంతా పొగ రుచి పడుతుంది, కొలాజెన్ జిలాటిన్‌గా మారి కూర కాస్త చిక్కబడుతుంది. రుచి బాగుంటుంది. కాకపోతే ఉప్పు ఎంత దిగిందో ఉడికేదాకా తెలీదు, కాబట్టి ముందు ఉప్పు వేయకుండా ఉడికించి, చివర్లో రుచి చూసి వేసుకోవాలి. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేయొచ్చు, కానీ అలా తీసేస్తే పొగ రుచి కూడా చాలావరకు దాంతోనే పోతుంది. తోటకూర, పాలకూరల్లోకి ఇది సరిపోతుంది, చింతపండు పులుసుల్లోకి సరిపోదు.

చల్లగానే పలచగా కోసి తోలుతో సహా సలాడ్‌లో తినడం మాగ్రేకి మాత్రమే నప్పుతుంది. పచ్చి బాతు తోలు కొని కరిగిస్తే ఉప్పు బాధ లేదు, వేపుళ్లకు అదే మేలు, పొగ రుచి మాత్రం ఉండదు. మన ఊళ్లలో పొలాల వెంట తిరిగి మేసే నాటు బాతు తోలులో కొవ్వు తక్కువ, దాన్ని కరిగిస్తే గ్యాస్ ఖర్చు తప్ప సీసా నిండదు, కూరలోనే వేసుకోండి.

కొవ్వు కరిగించమని ఇంత గట్టిగా చెబుతూ దాని లోపం చెప్పకపోతే తప్పవుతుంది. పొగలో బెంజోపైరీన్ లాంటి కేన్సర్ కారక పదార్థాలు ఉంటాయి, అవి తోలు పైనే ఎక్కువగా పేరుకుంటాయి, కొవ్వులో కరుగుతాయి. పొగబెట్టిన మాంసంలో బెంజోపైరీన్ కిలోకి 2 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబర్ నుంచి నియమం పెట్టింది, అంతకుముందు హద్దు 5 ఉండేది. ఉప్పు వేసి, పొగబెట్టి నిల్వ చేసే ప్రాసెస్డ్ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఈ సీసా రోజువారీ నూనె డబ్బా పక్కన ఉండాల్సింది కాదు, వారంలో ఒకటి రెండు కూరల్లోకి చెంచాడు చొప్పున వేసుకునేది. కొనేటప్పుడు తోలు లేత తేనె రంగులో ఉన్న ముక్క ఏరుకోండి. నల్లగా, తారు పూసినట్టు మెరుస్తూ ఉంటే అది తీసుకోవద్దు. ఇంటికొచ్చాక తెలిస్తే మాంసం తినండి, ఆ తోలును మాత్రం కరిగించకండి.