వరిలో యూరియా వృథాను తగ్గించే ఆకు రంగుల పట్టిక: వాడిన తరువాత నా అభిప్రాయం

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రామాణికంగా రూపొందించిన నాలుగు రంగుల పట్టికను ఈ సార్వాలో మా చేలో వాడాను. ఆకు పచ్చదనాన్ని బట్టి పైరుకు యూరియాలోని పోషకమైన నత్రజని కావాలో లేదో ఇది చెబుతుంది. ఇది జేబులో పట్టే ప్లాస్టిక్ పట్టీ. పసుపు కలిసిన లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ వరకు 2, 3, 4, 5 అంకెలు వేసిన గడులు దీనిపై ఉంటాయి.

వాడకం సులువే కానీ శ్రద్ధ కావాలి. నాటిన రెండు వారాల నుంచి పూత దశ వరకు, వారం పది రోజులకొకసారి, పది దుబ్బుల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్యభాగాన్ని గడులతో పోల్చాలి. ఎండ నేరుగా పడితే రంగు తేడాగా కనిపిస్తుంది కనుక మన నీడలోనే చూడాలి. నాటిన వరిలో ఆరు లేదా అంతకు మించిన ఆకులు 4వ గడి కన్నా లేతగా ఉంటేనే యూరియా చల్లాలి, అది కూడా ఎకరానికి సుమారు సగం బస్తా, అంటే 10 కిలోల నత్రజని. నేరుగా విత్తిన వరికి సాధారణంగా 3వ గడి ప్రమాణం. రకాన్ని బట్టి ఇది మారవచ్చు కాబట్టి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

పైరుకు ఆకలి లేనప్పుడు నిలిచిన నీటిలో చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. చేను ఆరుతూ తడుస్తూ ఉన్నప్పుడు నేలలోని సూక్ష్మజీవులు మిగిలిన నత్రజనిలో కొంత భాగాన్ని నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. వందేళ్ల కాలానికి లెక్కిస్తే ఈ వాయువు భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 273 రెట్లు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ తప్పనిసరి అయిన వేప పూత, నత్రజని నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే పక్క చేను పచ్చదనం చూసి మరో బస్తా చల్లే అలవాటును ఆ పూత ఆపలేదు. ఆ పని ఈ పట్టిక చేస్తుంది, అందుకే నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను. నత్రజని మితిమీరిన చేలో దోమపోటు, పాముపొడ తెగులు ఉధృతమవుతాయన్నది మన రైతులకు తెలిసిన సంగతే.

లోపాలూ ఉన్నాయి. జింకు, గంధకం లోపించినా ఆకు పాలిపోతుంది, ఆ తేడాను పట్టిక చెప్పలేదు. భాస్వరం, పొటాష్ సంగతి తెలియాలంటే భూసార పరీక్ష చేయించక తప్పదు. మామూలు కాగితంపై ముద్రించిన నకళ్లనూ, ఫోను తెరపై కనిపించే రంగులనూ మాత్రం నమ్మవద్దు, గడి రంగు కొద్దిగా మారినా నిర్ణయం తప్పుతుంది. పట్టికను ఎండలో వదిలేయకుండా కవరులో దాచుకోవాలి.